మిలిటరీ మేస్త్రీ

కోస్తా జిల్లాల చిన్న పట్టణాల్లో సున్నపు గానుగ కనుమరుగైంది. ఒకప్పుడు ఇల్లు లేస్తున్న స్థలంలో ఓ మూల ఇటుకలు పేర్చిన గుండ్రటి గాడి, దానిలో తిరిగే రాతి చక్రం, చక్రాన్ని లాగే ఎద్దో దున్నపోతో ఉండేవి. పొద్దున్నే చక్రం కింద ఇసుక నలిగే కరకర చప్పుడుతో ఫలానా వారి ఇంటి పని మొదలైందని వీధికంతా తెలిసేది. ఆ గానుగతోపాటే ఒక తరం మనుషులు కూడా వెళ్లిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి, తిరిగొచ్చి, సొంత ఊళ్లో ఇళ్లు కట్టించినవారు వాళ్లు. తణుకు, తాడేపల్లిగూడెం, గుడివాడ, తెనాలి లాంటి చోట్ల అలాంటి మనిషికి అసలు పేరు వెనకబడి ‘మిలిటరీ మేస్త్రీ’ అన్న పిలుపే నిలిచిపోయేది. తాపీ పని అతనికి ఇంట్లో అబ్బిన విద్య. కాగితం మీది కొలత, గడియారం మీది గడువు సైన్యంలో పట్టుబడినవి. సున్నం నుంచి సిమెంటుకు ఊరు మారిన ముప్పై నలభై ఏళ్లలో ఆ మార్పు చాలావరకు ఇలాంటి వాళ్ల చేతుల మీదుగానే జరిగింది.

సైన్యంలోకి

1939లో సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు పెరిగింది. చేరినవారంతా స్వచ్ఛందంగా చేరినవారే. పల్లెల్లో పనులు లేకపోవడం, నెల తిరిగేసరికి ఇంటికి మనియార్డరు వస్తుందన్న ఆశ, తిండీ బట్టా దొరుకుతాయన్న ధీమా చాలామందిని నడిపించాయి. గోదావరి ప్రాంతంలో కొన్ని ఊళ్లకు అంతకుముందే సైన్యంతో సంబంధం ఉంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం నాటికే జవాన్లు వెళ్లారు. ఇంటికొకరు చొప్పున వెళ్లే ఊరుగా దానికి ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరు స్థిరపడింది.

యుద్ధం తెలుగువాళ్ల ముంగిట్లోకి కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తీరం వెంట జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. అదే ఏడాది బర్మా చేజారడంతో, రంగూను రేవుల్లోనూ మిల్లుల్లోనూ బతుకుతున్న తెలుగువాళ్లు వేలమంది కొండలూ అడవులూ దాటుతూ కాలినడకన తిరిగొచ్చారు. తాడేపల్లిగూడెం పక్కన సైన్యం విమానాల కోసం రన్‌వే వేసింది. కంకర, దిమ్మిస, రోలరు, సిమెంటు అంత పెద్ద ఎత్తున వాడటం చుట్టుపక్కల కూలీలు చూడటం బహుశా అదే మొదలు.

పని తెలిసినవాడికి సైన్యంలో వేరే దారి ఉండేది. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్స్ దళం 1780 నాటి నుంచి రోడ్లు, వంతెనలు, కోటగోడల పనులకు పేరు పడింది. ఆ దళం తాపీవాళ్లను, వడ్రంగులను, కమ్మరులను వాళ్ల వృత్తిలోనే పరీక్షించి తీసుకునేది. చదువు, ప్రత్యేక నైపుణ్యం లేనివారు పయనీర్ దళాల్లో మట్టి పనికి, రాతి పనికి వెళ్లేవారు. మోటారు పని మీద మక్కువ ఉన్నవారు సరఫరా దళాల్లో లారీ డ్రైవర్లయ్యేవారు.

యుద్ధం నేర్పిన పని

శాపర్లు యుద్ధంలో చేసిన పని చాలామటుకు కట్టడమే. శత్రువు కూల్చిపోయిన వంతెన స్థానంలో రాత్రికి రాత్రి ఇంకొకటి నిలపాలి, బురదలో దిగబడే దారికి దుంగలు పరవాలి, మందుపాతరలు వెతికి తీయాలి. మద్రాసు శాపర్లు ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, బర్మా రంగాలన్నిటా ఉన్నారు. ఇటలీలో మందుపాతర పేలుతుంటే తోటివారిని కాపాడటానికి దానిమీద పడి ప్రాణమిచ్చిన సుబేదార్ సుబ్రహ్మణ్యం ఆ దళంవాడే. 1944 ఫిబ్రవరిలో చేసిన ఆ సాహసానికి మరణానంతరం జార్జి క్రాస్ లభించింది.

బర్మాలో 1944 డిసెంబరులో కలేవా దగ్గర చిండ్విన్ నది మీద 1,154 అడుగుల బెయిలీ వంతెన కట్టారు. అప్పటికి ప్రపంచంలో ఆ రకం వంతెనల్లో అదే పొడవైనది. బెయిలీ వంతెనకు క్రేన్లు అక్కర్లేదు. పది అడుగుల ఇనుప చట్రాలను ఆరుగురేసి మనుషులు మోసుకొచ్చి పిన్నులతో బిగిస్తూ పోతే వంతెన ముందుకు సాగుతుంది. ఏ మనిషి ఎక్కడ నిలబడాలో, ఏ ముక్క ముందు రావాలో ముందే కాగితం మీద రాసి ఉంటుంది. ఇంటి దగ్గర తాత, తండ్రి కళ్లతో కొలిచి, చేత్తో తడిమి పని నేర్పారు. ఇక్కడ అడుగు, అంగుళం, నిమిషం లెక్క. నక్షా చదవడం, రసమట్టం పెట్టడం, కాంక్రీటు పాళ్లు కొలవడం, కూలీల హాజరు రాయడం అలవాటయ్యాయి. సైన్యంలో హిందుస్తానీని ఇంగ్లీషు అక్షరాలతో నేర్పేవారు కాబట్టి, బడి మొహం చూడనివాడు కూడా నాలుగేళ్లలో సంతకం పెట్టి లెక్క రాసే స్థితికి వచ్చేవాడు.

తిరిగి రావడం

యుద్ధం ముగిశాక సైన్యాన్ని కొద్ది లక్షలకు కుదించారు. 1946, 1947లలో రైళ్లు దిగిన జవాన్ల దగ్గర ఇనుప ట్రంకు పెట్టె, దుప్పటి, ఎనామెల్ మగ్గు, దోమతెర, ఖాకీ ఓవర్‌కోటు, రంగు రిబ్బన్లకు వేలాడే పతకాలు, డిశ్చార్జి పుస్తకం ఉండేవి. పింఛను రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు కావాలి. యుద్ధకాలంలో చేరినవారిలో చాలామందికి అంత సర్వీసు లేదు. చేతికొచ్చిన కొద్దిపాటి గ్రాట్యుటీ చెల్లెలి పెళ్లికో పాత అప్పుకో సరిపోయేది. కొందరికి డి-ఫారం పట్టాల కింద బంజరు భూమి దక్కింది. కొందరు బస్సు కంపెనీల్లో, మిల్లుల్లో, పోలీసు శాఖలో చేరారు. తాపీ పట్టడం తెలిసినవాడు తాపీకే తిరిగొచ్చాడు.

ఊరు అతన్ని కొంచెం భయంగా, కొంచెం వేళాకోళంగా చూసేది. సముద్రం దాటాడని, ఏం తిన్నాడో ఏం తాగాడోనని పెద్దలు గొణిగేవారు. పిల్లలు వెంటపడి యుద్ధం కథలు అడిగేవారు. అతను చెప్పేవి సాధారణంగా వానల కథలు, జలగల కథలు, డబ్బా మాంసం కథలు. చావుల సంగతి అడిగితే చుట్ట వెలిగించుకునేవాడు. పని దగ్గర మాత్రం సైన్యం దాగేది కాదు. ఎనిమిదింటికి పని అంటే ఎనిమిదింటికే. తొమ్మిదింటికి వచ్చిన కూలీకి ఆ పూట మస్టరు పడేది కాదు.

సున్నం

అతను తిరిగొచ్చేసరికి ఊళ్లో ఇంకా సున్నం రాజ్యమే నడుస్తోంది. యుద్ధంలో సిమెంటు, ఇనుము ప్రభుత్వ అదుపులోకి వెళ్లాయి. శాంతి వచ్చినా ఆ అదుపు పోలేదు. కాబట్టి ఇల్లు కట్టాలంటే రాతి సున్నమో గుల్ల సున్నమో తప్పదు. తీరప్రాంతాల్లో, చెరువుల వెంట ఏరిన ఆల్చిప్పలను, నత్తగుల్లలను బట్టీలో బొగ్గుతోపాటు పొరలు పొరలుగా పేర్చి కాల్చితే గుల్ల సున్నం వచ్చేది. పూతకు, నున్నటి గచ్చుకు అది శ్రేష్ఠం. గోడలకు రాతి సున్నం వాడేవారు.

కాల్చిన సున్నాన్ని గోతిలో పోసి నీళ్లు వదిలితే భుగభుగ ఉడికేది. ఆ పక్కకు పిల్లల్ని రానిచ్చేవారు కాదు. ఉడికి చల్లారిన సున్నం గోతిలో కొన్నాళ్లు మాగేది. తర్వాత ఇసుకతో కలిపి గానుగలో వేసేవారు. తేమ తగిలే పునాదులకు, నీళ్ల తొట్లకు ఇసుకతోపాటు బాగా కాలిన ఇటుకల పొడిని, అంటే సుర్కీని, చేర్చేవారు. చక్రం తిరుగుతుంటే ఒకడు వెనకే నడుస్తూ పారతో అంచులకు ఎగిసిన ముద్దను గాడిలోకి తోసేవాడు, మధ్యమధ్య నీళ్లు చిలకరించేవాడు. ముద్ద వెన్నలా జారితే గానుగ ఆపేవారు. నాణ్యం చూడటానికి పరికరం లేదు. మేస్త్రీ తాపీతో కొంచెం తీసి, తలకిందులు చేసి పట్టుకునేవాడు. జారిపోకుండా అంటిపెట్టుకుంటే పనికొచ్చినట్టు.

సున్నం గట్టిపడటానికి తొందరపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల మీద, ఏళ్ల మీద రాయవుతుంది. పొద్దున నూరిన ముద్దను తడిగుడ్డ కప్పి మర్నాడు వాడినా చెడదు. అందువల్ల సున్నపు పనికి దాని తీరుబాటు దానికుండేది. వాన వస్తే ఆగవచ్చు, కోతల కాలంలో కూలీలు పొలాలకు పోతే పని పక్కన పెట్టవచ్చు. గోడ కూడా ఒక్కసారిగా లేచేది కాదు. రోజుకు కొన్ని వరుసలే కట్టి, అవి కుదురుకునే వరకు ఆగేవారు.

మిద్దె వేసే రోజులు

కలిగినవారు మద్రాసు టెర్రేసు వేయించుకునేవారు. టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో, సున్నంలో పొదిగి కప్పు వేసేవారు. దానిమీద ఇటుక బెడ్డలు కలిపిన సున్నం నాలుగు అంగుళాల మందాన పరిచేవారు. అప్పుడు ఆడకూలీలు వరసగా కూర్చుని చేతి చెక్కలతో దాన్ని కొట్టేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు చల్లుతూ, ఒకే దరువులో, రోజుల తరబడి. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. పాటకు పని సాగడం ఒక ప్రయోజనం. అందరి చెక్కలూ ఒక్క లయలో పడటం, ఎక్కడా దెబ్బ తప్పకపోవడం రెండోది. నాలుగు అంగుళాల మందం మూడుకు దిగి, చెక్క తగిలితే ఖణేలుమని మోగితే మిద్దె కుదిరినట్టు. దానిమీద పలకలాంటి పెంకులు పరిచి పూత వేసేవారు.

మధ్యతరగతి ఇంటికి బెంగుళూరు పెంకు, పేదింటికి కుమ్మరి చేసిన గూనపెంకు. అంతకంటే లేనివారికి తాటాకే. గూనపెంకు ఇల్లు ఏటా వానలకు ముందు నేయించాలి. కోతులు, పిల్లులు తిరిగి పెంకులు జరిగేవి. మేస్త్రీ వేసవిలో తాను కట్టిన ఇళ్లన్నీ ఒక చుట్టు చుట్టి, ఎక్కడ కురుస్తోందో చూసి, మనిషిని పంపేవాడు. కట్టిన ఇల్లు ఉన్నంతకాలం అతని పూచీయే. ఈ పూచీ కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు.

ముగ్గు, గడప, బట్వాడా

ఇల్లు ముగ్గుతో మొదలయ్యేది. సిద్ధాంతి ఆయం కట్టి ఇంటి పొడవు వెడల్పులు చెప్పేవాడు. మిలిటరీ మేస్త్రీ దగ్గర పెన్సిలు నక్షా ఉండేది. రెండూ సాధారణంగా కలిసేవి కావు. సిద్ధాంతి లెక్కకు మూడు అంగుళాలు కావలసి వస్తే మేస్త్రీ గోడ మందంలో సర్దేవాడు. పేచీ పెట్టుకునేవాడు కాదు. మూలమట్టానికి బదులు తాడు మీద మూడు, నాలుగు, అయిదు అడుగుల దగ్గర ముడులు వేసి మూల తిప్పడం, పొడవాటి గొట్టంలో నీళ్లు పోసి రెండు చివర్లా మట్టం చూడటం వాళ్లు శిష్యులకు నేర్పిన చిట్కాలు. తూకం గుండు మాత్రం పాతదే. గోడ పక్కన దారం వేలాడదీసి ఒక కన్ను మూసి చూసే ఆ భంగిమ తండ్రి దగ్గరా, బెంగళూరులోనూ ఒకటే.

ద్వారబంధం నిలిపే రోజు పండగ. గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టేవారు. వడ్రంగికి, తాపీ మేస్త్రీకి కొత్త బట్టలు, తాంబూలం ఇచ్చేవారు. గోడలు లేస్తుంటే దిష్టికి బూడిద గుమ్మడికాయ వేలాడేది. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అనుకుంటూ గృహస్థు పొలంలో పంట అమ్మినప్పుడల్లా కొంత డబ్బు తెచ్చేవాడు. ఒక ఇల్లు రెండు మూడేళ్లు సాగడం వింత కాదు. అంతకాలం ఒకే మేస్త్రీ.

శనివారం సాయంత్రం బట్వాడా. ఇసుక కుప్ప పక్కన మేస్త్రీ పెట్టె మీద కూర్చుని, హాజరు పుస్తకం చూసి, పేరు పిలిచి డబ్బిచ్చేవాడు. ఆడవాళ్లకు మగవాళ్లకంటే కూలి తక్కువ. చేసే పని తక్కువేమీ కాదు. పరంజా మీదికి సున్నపు తట్టలు మోసేది వాళ్లే, మిద్దె కొట్టేది వాళ్లే. తాపీ మాత్రం వాళ్ల చేతికి రాలేదు. కుర్రవాడు చేరితే మొదట ఇటుకలు తడపడం, తర్వాత ముద్ద అందించడం, అయిదారేళ్లకు గానీ తాపీ పట్టడం ఉండేది కాదు. చాలాచోట్ల ఆ కుర్రవాడు కూడా మేస్త్రీ కులంవాడో చుట్టమో అయ్యేవాడు.

సిమెంటు వచ్చింది

సిమెంటును ఊళ్లోకి తెచ్చి నమ్మకం కుదిర్చినవాళ్లలో ఈ మిలిటరీ మేస్త్రీలు ముందున్నారు. రన్‌వేలు, వంతెన దిమ్మెలు చేతులారా పోసినవారికి దాని బలం తెలుసు. ప్రభుత్వ పనులు కూడా పెరిగాయి. తెగిపోయిన పాత ఆనకట్ట చోట 1954 నుంచి 1957 వరకు కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ కట్టారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను రాతి కట్టడంగానే కట్టారు. యంత్రాల కొరత ఉన్న దేశంలో వేలాది తాపీవాళ్లకు, రాళ్లు కొట్టేవాళ్లకు అది ఏళ్ల తరబడి అన్నం పెట్టింది. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక సమితి ఆఫీసులు, బడులు, ఆసుపత్రులు, కాలవల మీద చిన్న వంతెనలు వచ్చాయి. టెండరు వేయగలిగి, కొలతల పుస్తకం అర్థమయ్యే మేస్త్రీ కంట్రాక్టరయ్యాడు.

ఇళ్లకు సిమెంటు దొరకడం మాత్రం కష్టమే. పర్మిట్టు కోసం ఆఫీసు చుట్టూ తిరగాలి. వచ్చిన కొద్ది బస్తాలను పూజ గదిలో పెట్టినంత భద్రంగా దాచేవారు. ఖాళీ గోనె సంచులు కూడా దులిపి, ఉతికి వాడుకునేవారు. అందుకని ఆ కాలపు ఇళ్లన్నీ మిశ్రమమే: గోడలు సున్నంతో, తలుపు పైకమ్మి కాంక్రీటుతో, నేల ఎర్ర సిమెంటు గచ్చుతో.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 10,000 మందిని బలిగొంది. తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లు ఊళ్లకు ఊళ్లు పోయాయి. మిగిలినవి గట్టి కప్పు ఉన్న కట్టడాలే. ఆ తర్వాత తీరంలో స్లాబు వేసుకోవడం అంతస్తుకు గుర్తుగా కాక ప్రాణరక్షణగా కనబడింది. 1982లో సిమెంటు మీద అదుపు కొంత సడలి, 1989లో పూర్తిగా తొలగింది. అప్పటి నుంచి బజారులో ఎవరికైనా, ఎన్ని బస్తాలైనా దొరికాయి. గానుగలు పదేళ్లలో ఆగిపోయాయి.

సిమెంటుతో పని స్వభావమే మారింది. నీళ్లు కలిపిన అరగంటకే అది బిగియడం మొదలెడుతుంది, మర్నాటికి ఉంచడానికి లేదు. స్లాబు ఒక్క రోజులో పడాలి. అందుకు సెంట్రింగువాళ్లు, కంబీ కట్టేవాళ్లు, కాంక్రీటు ముఠా వేరువేరుగా వచ్చి వెళ్లిపోతారు. నెలల తరబడి ఒకేచోట పనిచేసే పాత బృందం అవసరం తీరిపోయింది. గడియారం చూసి పని చేయించడం నేర్పినవాడే ఆ విధంగా తన మనుషుల్ని చెదరగొట్టినట్టయింది. తర్వాతి తరం తాపీవాళ్లు కువైట్, దుబాయి, హైదరాబాద్ దారి పట్టారు. ఇప్పుడు చిన్న పట్టణంలో అపార్టుమెంటు లేస్తుంటే ఇటుక పెట్టే చేతులు తరచూ ఒడిశావో బెంగాలువో.

పోయింది, వచ్చింది

సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది. తేమను పీల్చి వదులుతుంది, వేసవిలో గది చల్లగా ఉంటుంది. చిన్న పగుళ్లు కొంతవరకు తమంతట తామే పూడుకుంటాయి. గోడ విప్పితే ఇటుకలు మళ్లీ వాడుకోవచ్చు. పాత సున్నపు కట్టడం మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక పెచ్చులూడుతుంది. అందుకే హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధులను ఇటీవల బాగుచేసినప్పుడు పాత సిమెంటు పూతలు గీకి సున్నమే వాడారు. పనివాళ్లకు ఆ విద్య మళ్లీ నేర్పవలసి వచ్చింది.

అయితే సున్నపు కాలాన్ని స్వర్ణయుగం అనడానికి లేదు. మద్రాసు టెర్రేసు కింద పడుకున్నవాళ్లు ఊళ్లో పిడికెడు మంది. దాన్ని కొట్టిన ఆడవాళ్లు సాయంత్రానికి బొబ్బలెక్కిన చేతులతో తాటాకు గుడిసెలకు వెళ్లేవారు. సున్నపు గోతిలో కాళ్లు కాలినవారికి వైద్యం ఖర్చు ఇచ్చిన దాఖలాలు అరుదు. స్లాబు ఇల్లు ఎండకు కాగుతుంది, నిజమే. కానీ తుపాను రాత్రి పేదవాడి పిల్లల మీద కూలదు. తాపీ పని ఒకటి రెండు కులాల గడప దాటి వచ్చింది కూడా సిమెంటుతోనే. నేర్చుకోవడానికి అయిదారేళ్లు పట్టని పనిలోకి ఎవరైనా రాగలిగారు.

తూకంలో తేలని నష్టం ఒకటుంది. అది ముగ్గు పోసిన రోజు నుంచి ఇల్లు ఉన్నంతకాలం ఆ ఇంటికి ఒకే మనిషి బాధ్యుడిగా ఉండటం. మిలిటరీ మేస్త్రీ దగ్గర సైన్యపు లెక్కా ఊరి మొహమాటమూ రెండూ ఉండేవి. కొలత తప్పితే తాను ఒప్పుకోడు, ఇల్లు కురిస్తే బజారులో తల ఎత్తుకోలేడు. ఇప్పటి ఒప్పందాల్లో గడువు ఉంది, పెనాల్టీ ఉంది, వారంటీ ఉంది. అవన్నీ ఉన్నచోట కూడా పదేళ్ల తర్వాత గోడ చెమ్మగిల్లితే ఎవరిని పిలవాలో ఇంటివారికి తెలియదు. సున్నానికి బదులు సిమెంటు వచ్చింది, తాడు మట్టానికి బదులు లేజరు వచ్చింది. ఆ మేస్త్రీ చేసిన పనుల్లో ఈ ఒక్కదానికి మాత్రం ఇంకా ఎవరూ రాలేదు.